ఎనిమిదికి ఎనిమిది కలిపితే పదహారు కాదు
బడ్జెట్ ఫోన్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా "ఫలానా ధరలో ఒక్క మోడల్ పేరు చెప్పండి, కొనేస్తాం" అన్నవే. మోడల్ పేర్లు చెప్పడం లేదు. ఆరు నెలలు తిరిగేసరికి అదే పేరుకు తోక తగిలించి ఇంకోటి వస్తుంది. పైన పెయింటు అదే, లోపల సరుకు వేరు. అందుకని చిప్ పేర్లు, స్టోరేజ్ రకాలు, బ్యాండ్ నంబర్లు ఇస్తున్నాం. షాపుకు పోయేటప్పుడు ఈ పేజీ వెంట ఉంచుకోండి.

*

ఏడాదిన్నర కింద 8 ప్లస్ 8, మొత్తం 16 జీబీ ర్యామ్ అంటే నమ్మి కొన్న. ఇప్పుడు వాట్సాప్ తెరిస్తే గిర్రున తిరుగుతనే ఉంటది. మా బిడ్డ దగ్గరున్న 6 జీబీ పాత ఫోన్ దీనికన్నా నయం. ఈసారి 12 వేలల్ల ఏం చూసి కొనాలె?
– ఒక లేడీస్ టైలర్, హనుమకొండ

ర్యామ్ అంటే ఆ క్షణాన నడుస్తున్న యాప్‌లు కూర్చునే చోటు. మీకు అమ్మింది 8 జీబీ ర్యామే. ప్లస్ తర్వాత ఉన్న 8 ర్యామ్ కాదు. ఫొటోలు, వీడియోలు దాచుకునే స్టోరేజ్‌లో ఒక మూలకు గీత గీసి, దానికి వర్చువల్ ర్యామ్ అని పేరు పెట్టారు. అసలు ర్యామ్‌లో సెకనుకు పది జీబీకి పైగా డేటా కదులుతుంది. బాగా చవక ఫోన్లలోని స్టోరేజ్‌లో చదివే వేగం మహా అయితే 300 ఎంబీ, రాసే వేగం అంతకన్నా తక్కువ. ఈ రెండింటినీ కలిపి పదహారు అనడం లెక్కల్లో చెల్లుతుందేమో గాని ఫోన్‌లో చెల్లదు.

మీ బిడ్డ ఫోన్ నయంగా ఉండటానికి కారణం దాదాపుగా స్టోరేజ్ రకమే అయి ఉంటుంది. చవక ఫోన్లలో రెండు రకాలు నడుస్తున్నాయి: ఈఎంఎంసీ 5.1, యూఎఫ్‌ఎస్ 2.2. మొదటిది పెద్దపల్లి నుంచి కరీంనగర్ మీదుగా నిజామాబాద్ పోయే సింగిల్ లైన్ లాంటిది. ఒక బండి వస్తుంటే ఎదుటి బండి స్టేషన్‌లో ఆగాల్సిందే. చదువుతుంటే రాయలేదు, రాస్తుంటే చదవలేదు. రెండోది కాజీపేట మెయిన్ లైన్ లాగ, రాకకు ఒక పట్టా, పోకకు ఒక పట్టా. పైగా చదివే వేగం రెండు మూడు రెట్లు ఎక్కువ. వాట్సాప్‌లో పెళ్లి వీడియోలు దిగుతున్న సమయంలోనే మీరు ఫోన్‌పే తెరిస్తే, సింగిల్ లైన్ ఫోన్ గిర్రున తిరగక ఏం చేస్తుంది!

కొత్తది కొనేముందు ఉన్నదానికి ఈ మూడు పనులు చేసి చూడండి. ఒకటి, సెట్టింగ్స్‌లో ర్యామ్ ఎక్స్‌పాన్షన్, మెమరీ ఎక్స్‌టెన్షన్, ర్యామ్ ప్లస్ వంటి పేర్లలో ఏదో ఒకటి కనిపిస్తుంది, దాన్ని ఆపి ఫోన్ రీస్టార్ట్ చేయండి. 8 జీబీ అసలు ర్యామ్ ఉన్న ఫోన్‌కు ఆ అతుకు అక్కర్లేదు. రెండు, స్టోరేజ్‌లో కనీసం 15 నుంచి 20 శాతం ఖాళీ ఉంచండి. నిండిన కొద్దీ కొత్తది రాసేందుకు చిప్ ముందు పాత గదులు సర్దుకోవాలి, ఆ సర్దుబాటే మీకు నత్తనడకలా కనిపిస్తుంది. మూడు, వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ తెరిచి 5 ఎంబీ దాటిన ఫైళ్లు తుడిచేయండి. అక్కడే ఆటో డౌన్‌లోడ్‌లో వీడియోల టిక్కు తీసేయండి. బ్లౌజు డిజైన్ల గ్రూపులు నాలుగైదు ఉన్నాయంటే ఇది ఒక్కటే సగం రోగం కుదురుస్తుంది.

ఇక చిప్, అంటే ఫోన్ మెదడు. ఆక్టాకోర్ అంటే పనిచేసే కోర్లు ఎనిమిది అని, ఎనిమిదీ ఎడ్లని అర్థం కాదు. ఈ ధరలో వచ్చే చిప్‌లలో రెండే పెద్ద ఎడ్లు, మిగతా ఆరు లేగలు. బరువు లాగేది ఆ రెండే కాబట్టి అవి ఏ జాతివో చూడాలి. యూనిసాక్ టీ606, టీ612, హీలియో జీ85 చిప్‌లలో ఉండేవి కార్టెక్స్ ఏ75 కోర్లు, తయారీ 12 నానోమీటర్లు. పాత తరం, వేడి ఎక్కువ. డైమెన్సిటీ 6100 ప్లస్, 6300లలో ఏ76 కోర్లు, 6 నానోమీటర్లు. స్నాప్‌డ్రాగన్ 4 జెన్ 2లో ఏ78 కోర్లు, 4 నానోమీటర్లు. మీ 12 వేలకు ఈ చివరి మూడింట్లో ఏదో ఒకటి, 6 జీబీ అసలు ర్యామ్, 128 జీబీ యూఎఫ్‌ఎస్ స్టోరేజ్ ఉంటే కళ్లు మూసుకొని తీసుకోండి. 8 జీబీ ర్యామ్‌తో ఈఎంఎంసీ ఇస్తానంటే వద్దనండి. కంపెనీ వెబ్‌సైట్‌లో మోడల్ పేజీ అడుగున స్పెసిఫికేషన్లలో స్టోరేజ్ రకం రాస్తారు. రాయలేదంటే ఈఎంఎంసీయే అనుకోండి, గొప్పగా చెప్పుకునేది ఉంటే ఎవరూ దాచరు.

షాపులో డెమో ఫోన్ ఉంటే ఒక పరీక్ష. ప్లే స్టోర్‌లో ఏదైనా పెద్ద యాప్ ఇన్‌స్టాల్‌కు పెట్టి, అది ఎక్కుతుండగానే కెమెరా తెరిచి వరుసగా పది ఫొటోలు కొట్టండి, వెంటనే గ్యాలరీ తెరవండి. రాయడం, చదవడం ఒకేసారి జరిగితే ఫోన్ ఎట్లా ఉంటుందో అర నిమిషంలో తేలిపోతుంది.

*

108 మెగాపిక్సెల్ గొప్పదా, 50 గొప్పదా?
– డిగ్రీ విద్యార్థిని, జగిత్యాల

అంకె చూడకండి, సెన్సర్ సైజు చూడండి. 1/2.76 అంగుళాలు, 1/1.95 అంగుళాలు అని రాసి ఉంటుంది. గీత కింది అంకె ఎంత చిన్నదైతే సెన్సర్ అంత పెద్దది, ఫంక్షన్ హాల్ వెలుతురులో ఫొటో అంత శుభ్రం. 50 మెగాపిక్సెల్ కెమెరా మామూలుగా నాలుగు పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెళ్ల ఫొటోయే ఇస్తుంది. అదే ధరలో ఓఐఎస్ (చెయ్యి వణికినా ఫొటో చెదరకుండా లెన్స్‌ను కదిలించే అమరిక) ఉన్న 50, ఓఐఎస్ లేని 108 కన్నా మేలు. వెనక ఇంకో రెండు గుండ్రటి కళ్లుంటాయి చూడండి, 2 మెగాపిక్సెల్ మాక్రో, డెప్త్ అని. అవి దిష్టిచుక్కలు.

*

బొగ్గు గనిల పని. డ్యూటీకి పోయేటప్పుడు ఫోన్ బండి డిక్కీల పెట్టి పోత. రెండేండ్లకే బ్యాటరీ సగం పూట వస్తలేదు, వెనక మూత కొంచెం లేచినట్టు కూడా ఉన్నది. 7000 ఎంఏహెచ్ ఫోన్ తీసుకుంటే ఈ బాధ పోతదా?
– గోదావరిఖని నుంచి ఒక కార్మికుడు

ముందు పాత ఫోన్ సంగతి. మూత లేచిందంటే లోపల బ్యాటరీ ఉబ్బింది. ఇవాళ్టి నుంచే చార్జింగ్ ఆపండి. మూతను నొక్కి అతికించే పని, పిన్నుతో పొడిచే పని అసలు చేయొద్దు. సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ తీయించి అక్కడే వదిలేయండి. చెత్తబుట్టలో వేసేది కాదది.

జబ్బు డిక్కీలో ఉంది. లిథియం బ్యాటరీని చార్జ్ చేయడానికి 45 డిగ్రీలు పై హద్దు. మే నెలలో రామగుండం వైపు బయటి ఎండే 45 దాకా పోతుంది, ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలో అంతకన్నా ఎక్కువ. ఎనిమిది గంటలు అందులో ఉడికిన ఫోన్‌ను ఇంటికి రాగానే రేకుల కింద చార్జింగ్‌కు పెడితే, వేడి మీద వేడి. దానికి తోడు 100 శాతం నిండిన బ్యాటరీ వేడిలో ఉంటే సగం నిండినదానికన్నా త్వరగా దెబ్బతింటుంది. మీరు పొద్దున ఫుల్ చేసుకొని పోతుంటే, అదే తప్పు.

7000 కొన్నా ఈ పద్ధతి మారకపోతే అదీ ఇట్లాగే అవుతుంది, కాకపోతే కొంత ఆలస్యంగా. ఫోన్‌ను ఇంట్లో వదిలి పోవడమో, నీడలో ఉండే గదిలో ఎవరి దగ్గరన్నా పెట్టడమో చూడండి. డిక్కీ తప్పదంటే 50, 60 శాతం చార్జితో, స్విచాఫ్ చేసి, బట్టలో చుట్టి పెట్టండి. తిరిగొచ్చాక అరగంట ఫ్యాన్ కింద చల్లారనిచ్చి, వెనక పౌచ్ తీసేసి చార్జింగ్ పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, లోపల చెమ్మ పడుతుంది. సెట్టింగ్స్‌లో బ్యాటరీ కింద 80 శాతానికి ఆపే ఆప్షన్ ఉంటే వేసవి నాలుగు నెలలు అది ఆన్‌లో ఉంచండి.

కొత్తది కొనేటప్పుడు 6000 దాటిన బ్యాటరీ తీసుకోవడంలో తప్పు లేదు. సిలికాన్ కార్బన్ రకం వచ్చాక బరువు, మందం పెద్దగా పెరగకుండానే 7000 పట్టిస్తున్నారు. అయితే చార్జర్ వాట్లు చూసుకోండి. 5000 ఎంఏహెచ్ అంటే సుమారు 19 వాట్ అవర్లు. 18 వాట్ల చార్జర్‌తో రెండు గంటలు, 33 వాట్లతో గంటంబావు పడుతుంది. 7000 బ్యాటరీకి 15 వాట్ల చార్జర్ ఇస్తే మూడు గంటల పైనే కూర్చోవాలి. డబ్బాలో చార్జర్ ఉందో లేదో కూడా అడగండి, ఈ మధ్య చాలావాటిలో ఉండటం లేదు. వేరే కొంటే ఆ కంపెనీ ఫాస్ట్ చార్జింగ్‌కు సరిపోయే చార్జర్‌తో పాటు దాని కేబులే కొనాలి. మామూలు కేబుల్ వేస్తే 45 వాట్ల చార్జర్ కూడా 10 వాట్లకు దిగిపోవచ్చు.

*

నో కాస్ట్ ఈఎంఐ అంటే నిజంగ వడ్డీ లేనట్టేనా?
– నర్సంపేట నుంచి ఒక రైతు

వడ్డీ ఉంటుంది. దాన్ని ధరలో తగ్గింపుగా ముందే చూపిస్తారు. కాని క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి. 15 వేల ఫోన్, ఆరు నెలలు, బ్యాంకు వడ్డీ 15 శాతం అనుకుంటే అందులో వడ్డీ వాటా దాదాపు 635 రూపాయలు, దాని మీద జీఎస్టీ 114. ప్రాసెసింగ్ ఫీజు 199 అయితే పన్నుతో 235. అంటే ఖర్చు లేని ఈఎంఐకి 350 ఖర్చు. నగదు ఇస్తే షాపాయన తగ్గించేదెంతో అడిగి, దాన్ని కూడా ఇందులో కలిపి చూసుకోండి. పత్తి డబ్బులు చేతికొచ్చే నెల దగ్గర్లో ఉంటే ఆగడమే నయం. ఎట్లా కొన్నా ఐఎంఈఐ నంబర్ (ఒక్కో ఫోన్‌కు ఉండే గుర్తింపు సంఖ్య) రాసిన జీఎస్టీ బిల్లు తీసుకోండి. తెల్ల కాగితం మీద రాసిచ్చిన రసీదుతో వారంటీ అడగలేరు.

*

ఏటూరునాగారం అవతల అడవి పల్లెల టీచర్‌గా చేస్తున్నాను. 5జీ ఫోన్ కొంటే సిగ్నల్ బాగా వస్తుందని షాపులో అన్నారు. కొన్నాక చూస్తే తోటి టీచర్ 4జీ ఫోన్‌కు వచ్చినంత కూడా రావడం లేదు, బ్యాటరీ మధ్యాహ్నానికే ఖాళీ. ఫోన్ లోపమా, టవర్ లోపమా?
– ములుగు జిల్లా ఉపాధ్యాయురాలు

రెండూ కాకపోవచ్చు. 5జీ అనేది ఒకే తరంగం కాదు. 2022 అక్టోబర్ 1న దేశంలో మొదలైనప్పటి నుంచి ఎక్కువగా వాడుతున్నది 3300 మెగాహెర్ట్జ్ పైన ఉండే ఎన్78 బ్యాండ్. వేగం బాగా ఉంటుంది, దూరం పోదు, గోడలకు, చెట్లకు త్వరగా తగ్గిపోతుంది. వరంగల్ బస్టాండ్‌లో బ్రహ్మాండంగా పనిచేసేది తాడ్వాయి అడవిలో పనికిరాదు. దూరం పోయేది 700 మెగాహెర్ట్జ్, అదే ఎన్28. జియో దగ్గర అది ఉంది. మీ ఫోన్ స్పెసిఫికేషన్‌లో 5జీ బ్యాండ్ల వరుసలో ఎన్28 ఉందేమో చూడండి.

5జీ మాటెట్లా ఉన్నా అడవి పల్లెల్లో మీకు రోజూ అక్కరకొచ్చేది 4జీయే, కాబట్టి దాని బ్యాండ్లు ఇంకా ముఖ్యం. జియోకు 3, 5, 40. ఎయిర్‌టెల్‌కు 1, 3, 8, 40. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీకి 1, 28. ఇందులో 5, 8, 28 దూరం పోయేవి. బీఎస్‌ఎన్‌ఎల్ దేశీయ 4జీని 2025 సెప్టెంబర్ 27న దేశమంతటా ప్రారంభించారు. మీ ఊరి దగ్గర ఆ టవర్ ఉండి కూడా అందులో సిగ్నల్ రాకపోతే, ఫోన్‌లో బ్యాండ్ 28 లేదేమో అనుమానించాలి. ఎన్28 వేరు, బ్యాండ్ 28 వేరు. మొదటిది 5జీకి, రెండోది 4జీకి. ఒకటి ఉండి రెండోది లేని ఫోన్లు ఉన్నాయి, తికమక పడొద్దు.

ఇంకో మెలిక ఉంది. జియో 5జీ సొంతంగా నిలబడే రకం, దాన్ని ఎస్ఏ అంటారు. ఎయిర్‌టెల్ మొదలుపెట్టింది 4జీ ఆసరాతో నడిచే ఎన్‌ఎస్ఏ. స్నాప్‌డ్రాగన్ 4ఎస్ జెన్ 2 వంటి బాగా చవక చిప్ ఎస్ఏ ఒక్కటే పడుతుంది. ఎన్‌ఎస్ఏ నడిచే చోట ఎయిర్‌టెల్ సిమ్ వేస్తే డబ్బా మీద 5జీ ఉన్నా తెర మీద 4జీయే కనిపిస్తుంది. 4 జెన్ 2కూ దీనికీ పేరులో తేడా ఒక్క అక్షరమే, జాగ్రత్త.

బ్యాటరీ ఎందుకు తాగుతున్నదంటే, అందీ అందని 5జీ కోసం ఫోన్ మాటిమాటికీ వెతుకుతుంది, దొరికిన బలహీన టవర్‌కు తన మాట వినిపించడానికి శక్తినంతా పెట్టి అరుస్తుంది. సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్, ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్‌లోకి పోయి 4జీ అని పెట్టుకోండి. వారాంతం హనుమకొండ వచ్చినప్పుడు మళ్లీ 5జీకి మార్చుకోవచ్చు. 4జీ మీదే కాల్ నడిపే వోల్టీ ఆన్‌లో ఉంచండి, జియోకు 2జీ లేదు కాబట్టి అది ఆగితే కాలే పోదు. బడిలో వైఫై ఉంటే వైఫై కాలింగ్ ఆన్ చేయండి. సిగ్నలే లేని చోట రాత్రి పడుకునేటప్పుడు ఏరోప్లేన్ మోడ్ వేయండి.

ఇంకా కొననివారికి ఒక మాట. మీ ఊళ్లో ఎవరి ఫోన్‌లో సిగ్నల్ నిలకడగా ఉందో చూసి, మీ సిమ్ ఒక పూట అందులో వేసి చూడండి. దానికన్నా నమ్మకమైన పరీక్ష ఏ షాపులోనూ దొరకదు.

*

డెలివరీ పని, రోజుకు పది గంటలు బండి మీదే. హ్యాండిల్ హోల్డర్‌ల పెట్టిన ఫోన్ ఎండల కనిపిస్తలేదు. కెమెరా కూడా ఈ మధ్య మసక వస్తంది. 15 వేలల్ల ఏది మంచిది?
– వరంగల్ యువకుడు

కెమెరా మసక హోల్డర్ పుణ్యమే. ఓఐఎస్ ఉన్న కెమెరాలో లెన్స్ సన్నటి స్ప్రింగుల మీద తేలుతూ ఉంటుంది. బండి ఇంజిన్ వణుకు నెలల తరబడి తగిలితే ఆ అమరిక పాడవుతుంది. ఆపిల్ కంపెనీయే 2021లో తన ఐఫోన్ల గురించి ఈ హెచ్చరిక ఇచ్చింది. కాబట్టి మీ పనికి ఓఐఎస్ లేని కెమెరాయే క్షేమం, ధర కూడా తగ్గుతుంది. రబ్బరు డంపర్ ఉన్న హోల్డర్ వాడండి.

ఎండలో కనిపించడానికి తెర వెలుగు నిట్స్‌లో చూడాలి. రెండు అంకెలుంటాయి. పీక్ అని వేలల్లో రాసేది తెరలో చిన్న ముక్కకే వచ్చే వెలుగు. హెచ్‌బీఎం అని రాసేది తెరంతా ఎండలో ఇచ్చే వెలుగు, అది చూడండి. 1000 ఉంటే మిట్టమధ్యాహ్నం కూడా మ్యాప్ చదవొచ్చు, 500 అయితే చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. ఎండలో ఎక్కువసేపు ఉండి కాగితే ఫోనే వెలుగు తగ్గించుకుంటుంది, అది లోపం కాదు. పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసులు పెట్టుకుంటే కొన్ని తెరలు ఒక కోణంలో నల్లగా కనిపిస్తాయి. కొనేముందు అవి పెట్టుకొని ఫోన్‌ను అడ్డంగా, నిలువుగా తిప్పి చూడండి.

వానకు ఐపీ64 సరిపోతుంది, చినుకులకు అది చాలు. నీళ్లలో పడితే మాత్రం ఐపీ రేటింగ్ ఉన్నా వారంటీ ఇవ్వరు. తడిసిన ఫోన్‌ను చార్జింగ్ పెట్టొద్దు, చార్జింగ్ పిన్ కాలిపోతుంది. బియ్యం డబ్బాలో కూడా పెట్టొద్దు. బియ్యానికి తేమ లాగే శక్తి అంతంతే, తౌడు పొడి మాత్రం పోర్టులోకి పోతుంది. పోర్టు కిందికి వచ్చేలా పట్టుకొని మెల్లగా తట్టి, ఫ్యాన్ గాలిలో నిలబెట్టండి.

బండికున్న యూఎస్‌బీ సాకెట్ సాధారణంగా 5 వోల్టులు, 2 ఆంపియర్లు, అంటే 10 వాట్లు. మ్యాప్, నిండు వెలుగు, డేటా కలిసి అందులో సగం వరకు తినేస్తాయి. చార్జి ఎక్కడం లేదని సాకెట్‌ను తిట్టుకోకండి. కేబుల్ ఎల్ ఆకారంలో వంగిన మొన ఉన్నది వాడితే కుదుపులకు పిన్ వదులు కాదు. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ నుంచి ఫోన్‌కు అందేది సుమారు 6000. దాని మీద రేటెడ్ కెపాసిటీ అని చిన్నగా రాసి ఉండేది ఆ అసలు లెక్కే.

*

బీజీఎంఐ ఆడతాను. 20 వేల బడ్జెట్. 120 హెర్ట్జ్ తెర ఉంటే 120 ఫ్రేములు వస్తాయా?
– కాజీపేట, ఇంజినీరింగ్ విద్యార్థి

రావు. తెర సెకనుకు 120 సార్లు మారగలదు, బొమ్మలు గీసి ఇచ్చేది చిప్. ఏ ఫోన్‌కు ఎన్ని ఫ్రేములు అనేది ఆటవాళ్లు ముందే నిర్ణయించి పెడతారు. అదే మోడల్ వాడుతున్న స్నేహితుడి ఫోన్‌లో గ్రాఫిక్స్ సెట్టింగ్ తెరిచి స్మూత్ దగ్గర ఎక్స్‌ట్రీమ్ కనిపిస్తుందో లేదో చూడండి. కనిపిస్తే 60 ఫ్రేములు. 90 కావాలంటే అది వేరే ఆప్షన్‌గా కనిపించాలి.

20 వేలల్లో రెండు ఎడ్ల చిప్ తీసుకోవద్దు. నాలుగు ఏ78 కోర్లు ఉండే డైమెన్సిటీ 7300, స్నాప్‌డ్రాగన్ 6 జెన్ 1, స్నాప్‌డ్రాగన్ 7ఎస్ జెన్ 2, ఎక్సినోస్ 1380, వీటిలో ఒకటి చూడండి. బెంచ్‌మార్క్ స్కోర్లు మూడు నిమిషాల పరుగు, మీరు ఆడేది గంట. మొదటి మ్యాచ్‌లో 60, మూడో మ్యాచ్‌లో 40 వస్తే చిప్ వేడెక్కి వేగం తగ్గించుకుంటున్నట్టు. కాబట్టి ముప్పై నిమిషాల తర్వాతి ఫ్రేములు చూపించే రివ్యూలే నమ్మండి. చార్జింగ్ పెట్టి ఆడొద్దు. బ్యాటరీని పక్కనబెట్టి నేరుగా చార్జర్ కరెంటుతో నడిచే బైపాస్ చార్జింగ్ ఉంటే సరే. హాస్టల్ వైఫైలో 5 గిగాహెర్ట్జ్ పేరు వేరేగా కనిపిస్తే దానికి కలవండి. 2.4లో అందరి ఫోన్లూ తొక్కిసలాడుతుంటాయి, మీరు ఫోన్ లోపం అనుకునే లాగ్ చాలాసార్లు అదే.

*

ఎనుమాముల మార్కెట్‌ల పత్తి వ్యాపారం. బేరం మాటలు రికార్డు కావాలె, కాని రికార్డు అవుతున్నదని అవతలోళ్లకు ఫోనే చెప్పేస్తంది. రెండు సిమ్‌లు, మెమరీ కార్డు మూడూ పట్టే ఫోన్ ఉన్నదా?
– వరంగల్

గూగుల్ ఫోన్ యాప్ వచ్చే ఫోన్లలో ఆ ప్రకటన తప్పదు, ఆపలేరు. సొంత డయలర్ ఇచ్చే కంపెనీల ఫోన్లలో కొన్నింట్లో అది ఉండదు. షాపులోనే డెమో ఫోన్‌లో ఒక కాల్ చేసి చూసుకోండి. అయినా బేరం రికార్డు చేస్తున్నానని మీరే ఒక మాట చెప్పడం మర్యాద, రేపు తగాదా వస్తే మీకే మంచిది. మూడూ పట్టాలంటే ట్రేలో మూడు గదులుండాలి. హైబ్రిడ్ అని రాసుంటే రెండో సిమ్మో, కార్డో, ఏదో ఒకటే.

*

8 వేలల్ల సెకండ్ హ్యాండ్ ఫోన్ చూసిన. ఏమేం పరీక్ష చేయాలె?
– కరీంనగర్ నుంచి ఒక ఆటో డ్రైవర్

ముందు దొంగదా కాదా తేల్చండి. డయల్ ప్యాడ్‌లో *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ వస్తుంది. బిల్లులో, డబ్బా మీద అదే ఉండాలి. తర్వాత ఇంగ్లిష్ అక్షరాల్లో కేవైఎం అని టైపు చేసి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు వేసి 14422కు మెసేజ్ పెట్టండి. బ్లాక్‌లిస్టెడ్, డూప్లికేట్, ఆల్‌రెడీ ఇన్ యూజ్, ఈ మూడింట్లో ఏది వచ్చినా ఫోన్ ఆయన చేతిలోనే పెట్టి వచ్చేయండి.

రెండోది తాళాలు. అమ్మేవాళ్లు సెట్టింగ్స్‌లోకి పోయి తమ గూగుల్ అకౌంట్ తీసేసి, ఆ తర్వాత మీ ముందే రీసెట్ కొట్టాలి. అకౌంట్ తీయకుండా బటన్లు నొక్కి రీసెట్ చేసిన ఫోన్ మళ్లీ పాత అకౌంట్ పాస్‌వర్డే అడుగుతుంది. అప్పుడు దానికి రాయికి తేడా లేదు. ఫైనాన్స్‌లో కొన్న ఫోన్లలో ఇంకో తాళం ఉంటుంది. సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ యాప్స్ తెరిచి ఫైనాన్స్ కంపెనీ పేరుతో ఏదైనా ఉందేమో చూడండి. వాయిదాలు ఆగిన రోజు ఫోన్ లాక్ అయ్యేది మీ చేతిలో.

తెర. తెల్ల బొమ్మ నిండుగా పెట్టి పాత కీబోర్డు మరకలు కనిపిస్తున్నాయేమో చూడండి. ఒక యాప్ గుర్తును వేలితో పట్టుకొని తెర నాలుగు మూలలకూ ఈడ్చండి, ఎక్కడ జారి పడిపోతే అక్కడ టచ్ పోయినట్టు. కాల్ చేసి చెవికి పెట్టుకుంటే తెర ఆరాలి. ఆరకపోయినా, తెర లోపలి ఫింగర్‌ప్రింట్ పనిచేయకపోయినా, కింది అంచు మందంగా ఉన్నా చవక కాంబో (తెర, టచ్ కలిసిన భాగం) వేశారని అర్థం.

బ్యాటరీకి నిండు వెలుగుతో పదిహేను నిమిషాలు వీడియో ఆడించండి. రెండు మూడు శాతం తగ్గడం మామూలు, ఐదు దాటితే బ్యాటరీ ఖర్చు ధరలో తగ్గించమనండి. చివరగా అబౌట్ ఫోన్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ. రెండేళ్ల కిందటిదైతే కంపెనీ ఆ ఫోన్‌ను వదిలేసినట్టే, అందులో బ్యాంకు యాప్ పెట్టుకోకండి.

*

అప్‌డేట్ కొట్టిన తెల్లారి తెర మీద నిలువుగ పచ్చ గీత పడ్డది. వారంటీ అయిపోయింది. రిపేర్ షాపుల 2,500కు కాంబో మారుస్త అంటున్నరు. మార్పించాల్నా?
– సిరిసిల్ల

ఆగండి. ఆ గీత అమోలెడ్ తెరకు వచ్చే జబ్బు, తెరకు సంకేతాలు మోసే సన్నటి తీగల దగ్గర పుడుతుంది. సాఫ్ట్‌వేర్ వెనక్కి మార్చినా, రీసెట్ చేసినా పోదు. తెర మార్చడం ఒక్కటే దారి. కాని కొన్ని కంపెనీలు కొన్ని మోడళ్లకు ఈ గీత విషయంలో వారంటీ అయిపోయాక కూడా ఉచితంగా తెర మార్చాయి. బయట విప్పించిన ఫోన్‌కు ఆ అవకాశం పోతుంది. ముందు బిల్లు పట్టుకొని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు పోయి, మీ మోడల్‌కు అది వర్తిస్తుందా అని అడగండి, అక్కడ కాదంటే కస్టమర్ కేర్‌కు రాసి అడగండి.

రెండు చోట్లా కాదంటేనే బయట. 2,500కు వచ్చేది అమోలెడ్ కాదు, టీఎఫ్‌టీ తెర అయి ఉంటుంది. కొంచెం మందం, నలుపు బూడిద రంగులో కనిపిస్తుంది, తెర లోపలి ఫింగర్‌ప్రింట్ పనిచేయదు, చార్జి త్వరగా దిగుతుంది. గీత ఒక్కటే ఉండి టచ్ బాగుంటే డేటా మొత్తం బ్యాకప్ తీసుకొని అట్లాగే వాడుకోండి. రెండో గీత పడటానికి కొన్నాళ్లు పట్టొచ్చు, ఒక్కోసారి వారమే పట్టొచ్చు, అందుకని బ్యాకప్ మాత్రం ఇవాళే తీయండి.